యాభై రెండు నిమిషాలు

వేధశాలలో ఉద్యోగం నాదే అయినా, ఆ రాయి సంగతి మా ఇంట్లో మొదట చెప్పింది మా అమ్మాయి. పొద్దున్నే నోట్లో బ్రష్షు, చేతిలో ఫోనుతో వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, కొత్తగా ఓ గ్రహశకలం కనిపెట్టారట. పదకొండేళ్ళ తర్వాత భూమికి తగలొచ్చట. మీ ఆఫీసులో ఏమనుకుంటున్నారు?" అంది.

"లిఫ్టు ఎప్పుడు బాగవుతుందా అనుకుంటున్నారు. ముందు నోరు కడుక్కుని రా."

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. మా ఆఫీసు లిఫ్టు వాళ్ళ కంపెనీది కాదు కాబట్టి ఆ మాట తనని కాదన్నట్టు పేపరు తిరగేశాడు. బల్ల చివర కూర్చున్న మా అత్తయ్య మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని మనవరాలి వైపు తిరిగింది.

"తగిలే అవకాశం ఎంతన్నారు?"

"నాలుగు వందల్లో ఒక వంతు."

"ఎంత పెద్దదిట?"

"రెండు వందల మీటర్లు. పడితే ఒక నగరం నగరమే పోతుందట నానమ్మా."

"కనిపెట్టి ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు."

"మూడు వారాల లెక్కతో పదకొండేళ్ళ జాతకం చెప్పేస్తున్నారా," అంది అత్తయ్య. "ఇంకో రెండు నెలల్లో అది దూరం పోయి మసకబారుతుంది. మళ్ళీ నాలుగైదేళ్ళ దాకా ఎవరికీ కనపడదు. అందుకని ముందే పాత ప్లేట్ల మీద పడతారు, ఇదివరకెప్పుడైనా ఇటు వచ్చి ఎవరి ఫొటోలోనైనా పడిందేమోనని." నాతో, "మీ గదికే వస్తారు చూడు," అంది.

మా గది అంటే వేధశాల నేలమాళిగ. కెమెరాల్లోకి కంప్యూటర్లు రాకముందు ఆకాశాన్ని గాజు మీద ఫొటో తీసేవాళ్ళు. ప్లేటంటే పెద్ద పుస్తకమంత అద్దం పలక, దానికో కాగితం కవరు, కవరు మీద తేదీ, సమయం, తీసినవాళ్ళ సంతకం. అలాంటివి పదకొండు వేలు ఇనప బీరువాల్లో నిలబెట్టి ఉంటాయి. వాటి దుమ్ము దులపడం, స్కాన్ చెయ్యడం, ఎవరైనా అడిగితే కొలిచి ఇవ్వడం నా పని.

ఆ పదకొండు వేలలో ఆరు వందల పైచిలుకు మా అత్తయ్య తీసినవే. పదిహేడేళ్ళు అక్కడ పరిశీలకురాలిగా చేసింది. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్, ఈ నాలుగు బయటి గ్రహాల చుట్టూ తిరిగే చందమామలు ఏ నిమిషాన ఎక్కడున్నాయో నమోదు చెయ్యడం వాళ్ళ పథకం. లోకమంతా శని వదిలితే చాలనుకుంటుంటే మీ అత్తగారు జీతం తీసుకుని మరీ శని వెంట పడిందని మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు. ఆవిడ కోడలిననే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారని చాలామంది అన్నారు. ఆవిడ ఒక్కతే ఎప్పుడూ అనలేదు.

ఆవిడ చెప్పినట్టే పది రోజులకి మా డైరెక్టరు గారు నాలుగంతస్తుల మెట్లు దిగి, రొప్పుకుంటూ మా గదిలోకి వచ్చారు. ఆయన నా గదికి రావడం అదే మొదటిసారి. చేతిలో ఒక కాగితం. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆ రాయి భూమికి దగ్గరగా వచ్చి వెళ్ళిందట. తొమ్మిది రోజుల పాటు గురుగ్రహం ఉన్న దిక్కులోనే ఉండి ఉండాలట. "ఆ తొమ్మిది రోజుల్లో గురుణ్ణి తీసిన ప్లేట్లు ఎన్నున్నాయో అన్నీ చూడండి. ఒక్కదాంట్లో దొరికినా లెక్క ఖాయమైపోతుంది," అన్నారు.

ఇరవై ఆరు ప్లేట్లు ఉన్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం, ఇరవై మూడో ప్లేటు మీద, ఒక మూల సన్నటి గీత కనిపించింది. గాజు మీద చుక్కలు నల్లగా ఉంటాయి, ఆకాశం తెల్లగా ఉంటుంది. ఆ గీత నలుపే. గీరుకుపోయిందేమోనని మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు. భూతద్దం పెట్టి చూస్తే రెండు కొసలూ గుండ్రంగా ఉన్నాయి. ఇరవై నిమిషాలు కదిలిన రాయి గీసిన గీత అది.

కవరు తిప్పి చూశాను. మొదలు ఎనిమిదీ పది, ముగింపు ఎనిమిదీ ముప్పై. పలచటి మబ్బు, రెండో రకం. కింద మా అత్తయ్య సంతకం.

రెండో రకం ప్లేట్లని ఆ రోజుల్లో ఎవరూ కొలిచేవారు కాదు. అందుకే ముప్పై ఎనిమిదేళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను గీత రెండు కొసలూ కొలిచి, కవరు మీద సమయం చేర్చి, సాయంత్రానికల్లా డైరెక్టరు గారికి పంపించాను. బస్సులో ఇంటికొస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. పక్క సీటావిడ నన్ను అదోలా చూసి కొంచెం జరిగి కూర్చుంది.

"అత్తయ్యా, దొరికింది. అది మీరు తీసిందే," అన్నాను చెప్పులైనా విప్పకుండా.

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "ఏ తేదీది?"

చెప్పాను.

"ఏ టైము?"

"ఎనిమిదీ పది."

చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మంచిది," అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. ముసలావిడ, పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయిలే అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత కొత్త లెక్క వచ్చింది. నాలుగు వందల్లో ఒక వంతు కాస్తా తొమ్మిదింట్లో ఒక వంతయింది.

ఇలాంటి వార్త వస్తే జనం ఎలా ఉంటారో అప్పుడే చూశాను. ఎవరూ వీధుల్లో పరుగులు పెట్టలేదు. కూరగాయల బండాయన నన్ను ఆపి, "అమ్మా, మీరు అక్కడే కదా చేసేది, నిజమేనా?" అని అడిగి, నిజమేనంటే తలాడించి మళ్ళీ తూకం వేశాడు. కానీ మాటల్లో ఏదో మారింది. ఇల్లు కట్టాలనుకుంటున్నవాళ్ళు, పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, ఏదో ఒక వంకతో మాటల మధ్యకి ఆ సంవత్సరం లాక్కొచ్చేవాళ్ళు. రాయి పడగలిగిన చోట్లన్నీ కలిపి పేపర్లో ఓ పటం వేశారు, సముద్రాల మీదుగా, ఎన్నో దేశాల మీదుగా వంకరగా పోయే పట్టీ. మా ఊరు దాని మీద లేదు. మా ఆయన స్కేలు పెట్టి మరీ చూశాడు.

"మన మీద కాదు," అన్నాడు మా అమ్మాయితో.

"అయితే ఇంకెవరి మీదో. వాళ్ళింట్లో కూడా ఒకాయన స్కేలు పెట్టి చూస్తూ ఉంటాడు," అంది అది.

దానికి అప్పుడు పదహారేళ్ళు. పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయి. పుస్తకాలు తెరవడం మానేసింది. ఏడవలేదు, అల్లరీ చెయ్యలేదు, అదే నాకు భయం వేసింది. ఎప్పుడు అడిగినా, "అప్పటికి నాకు ఇరవై ఏడు," అనేది. ఒకరోజు గోడ క్యాలెండరు పక్కన పెన్సిలుతో పదకొండు గీతలు గీసి ఉన్నాయి. మా ఆయన తిట్టబోతే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. చాలాసేపు ఆ గీతల ముందే నిలబడి ఉంది.

ఈ మధ్యలో ఒక పత్రిక విలేకరి ఇంటికి ఫోను చేశాడు. ఫొటో తీసిన పెద్దావిడతో మాట్లాడాలట, ఆవిడ బొమ్మ వేస్తారట. అత్తయ్య ఫోను తీసుకుని, "ఆవిడ ఊళ్ళో లేదు," అని పెట్టేసింది. ఆవిడ అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది కూడా.

తర్వాతి సోమవారం పదకొండు గంటల వేళ నేను బీరువా నిచ్చెన మీద ఉండగా తలుపు చప్పుడైంది. అత్తయ్య. ఉద్యోగం మానేశాక ఆ ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఆ గడప తొక్కలేదు. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో రెండు మెట్లు దిగడానికే గోడ పట్టుకునే మనిషి, రెండు బస్సులు మారి, లిఫ్టు లేని భవనంలో నేలమాళిగ దాకా దిగి వచ్చింది.

"ఆ ప్లేటు చూపించు అమ్మాయ్," అంది.

తీసి, కింద దీపం వెలిగే అద్దం బల్ల మీద పెట్టాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. గీత వైపు చూడలేదు. కవరు మీద తన రాత వైపే చూసింది.

"ఇది ఎనిమిదీ పదికి మొదలుపెట్టింది కాదు. తొమ్మిది దాటింది."

నాకు అర్థం కాలేదు. "గుర్తులేకపోవచ్చు అత్తయ్యా, ముప్పై ఎనిమిదేళ్ళయింది."

"ఇదొక్కటే గుర్తుంది. మీ ఆయనకి అప్పుడు అయిదేళ్ళు. సాయంత్రం నుంచి ఒళ్ళు కాలిపోతోంది. మీ మామయ్య ఊళ్ళో లేరు. పక్కింటావిడ వచ్చి వాడి దగ్గర కూర్చునేదాకా నేను కదల్లేకపోయాను. వచ్చి పైన టెలిస్కోపు డోము తలుపు తీసేసరికి తొమ్మిదయింది."

"అయితే ఆ టైమే…"

"రాయొచ్చు. రాసి ఉండాల్సింది." చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంది. "అంతకు ముందు వారమే పెద్ద పరిశీలకుడు గారు అందరి ముందూ అన్నారు, పిల్లల తల్లులకి ఈ పని ఇవ్వడం మాది తప్పు, గురుడు వీళ్ళ కోసం ఆగడు అని. ఇంకొక్కసారి ఆలస్యమైతే నన్ను తీసేసి లెక్కల గదికి పంపిస్తామన్నారు. గురుడు ఆగలేదు. నేనే కాగితం మీద ఆపాను."

"మరి మబ్బు?"

"మబ్బు లేదు, ఏమీ లేదు. ఆకాశం కడిగినట్టుంది. రెండో రకమని రాస్తే ఎవరూ కొలవరని రాశాను."

నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ కాదు, మా అమ్మాయి కూడా కాదు. కొత్త లెక్కతో వెళ్ళిన ప్రకటన కింద ఉన్న నా పేరు. కవరు మీదున్న టైముని ఒక్కసారైనా సరిచూడకుండా పంపించింది నేను. సరిచూసే దారి ఆ ప్లేటు మీదే ఉంది. మా అత్తయ్య రాతని అనుమానించాలని నాకు తోచలేదు, అంతే. ఆవిడ కవర్లు అచ్చు పుస్తకాల్లా ఉంటాయని అక్కడ అందరూ అనేవాళ్ళు.

"నా నోటి మాటతో లెక్క మార్చరు," అంది ఆవిడ, నేను అనుకుంటున్నది విన్నట్టు. "చందమామలున్నాయి కదా. కొలువు."

గురుడికి పెద్ద చందమామలు నాలుగు. గంట గంటకీ చోటు మారుతుంటాయి. ఏ రోజు ఏ నిమిషాన ఏది ఎక్కడుండేదో ఇప్పుడు లెక్కకట్టి చెప్పొచ్చు. కాబట్టి అవి ఎక్కడున్నాయో కొలిస్తే, ఫొటో ఎప్పుడు తీశారో తెలిసిపోతుంది. ప్లేటు మధ్యలో గురుడు మాడిపోయిన నల్లటి మచ్చ, దానికి అటూ ఇటూ నాలుగు చుక్కలు. కొలిచే యంత్రం మరలు ఆవిడే తిప్పింది. ఆవిడ అంకెలు చదివింది, నేను కంప్యూటర్లో కొట్టాను. ఒక్కో చుక్కా అయిదుసార్లు. నాలుగు చందమామలూ ఒకే మాట చెప్పాయి. మొదలు తొమ్మిదీ రెండు.

"యాభై రెండు నిమిషాలు," అన్నాను.

"నేను యాభై అనుకున్నాను," అంది.

ఆ రాయి ఆ రోజు ఎంత వేగంగా పోతోందంటే యాభై రెండు నిమిషాల్లో ఆకాశంలో కంటికి ఆనేటంత జరిగేది. నేను చెప్పిన నిమిషానికి అది అక్కడ లేనే లేదు. గీత నిజం, పక్కన రాసిన టైము అబద్ధం. ఆ రెండూ కలిపి లెక్కవేస్తేనే అది మన మీదికి వచ్చింది.

డైరెక్టరు గారు అంతా విని, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు. "అమ్మా, చందమామలే టైము చెబుతున్నాయి. మీ సంగతి చెప్పనక్కర్లేదు. డోములో గడియారం వెనకబడిందని రాద్దాం. పాత గడియారాలు, ఎవరూ ఆశ్చర్యపోరు," అన్నారు.

"ఆ గడియారం మంచిదండీ. దాని మీద వెయ్యకండి."

"మీ మర్యాద కోసమే అంటున్నాను."

"గడియారం తప్పంటే ఆ వారంలో దాన్ని చూసి రాసిన అందరి ప్లేట్లూ అనుమానంలో పడతాయి. అందులో సరిగ్గా రాసుకున్నవాళ్ళున్నారు."

"ఇలా రాస్తే మీ ఆరు వందలూ అనుమానంలో పడతాయి."

"పడాలి కదా," అంది అత్తయ్య.

ఆయన నా వైపు చూశారు, నేనేమైనా నచ్చజెబుతానేమోనని. ఆఖరికి దిద్దుబాట్ల పుస్తకం తెప్పించారు. అత్తయ్య పాత సమయం మీద ఒక గీత కొట్టి, పక్కన కొత్త సమయం రాసి, కారణం అన్న గడిలో 'పరిశీలకురాలు ఆలస్యంగా వచ్చి సమయం తప్పుగా రాసింది' అని రాసి సంతకం పెట్టింది. రాత అదే, అచ్చు పుస్తకం రాతే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడే చెప్పింది, టీవీ కట్టేయించి. రేపు పేపర్లో చదివే ముందు నా నోటితో వినండి అంది. మా ఆయన వింటూ వింటూ గోళ్ళు చూసుకున్నాడు.

"నాకు ఆ జ్వరం గుర్తే లేదమ్మా."

"నీకెందుకు గుర్తుంటుంది. తెల్లారేసరికి లేచి ఆడుకున్నావు."

"అంటే ఇదంతా నా వల్లే."

"నీ వల్ల ఆలస్యమైంది. రాసింది నేను."

మా అమ్మాయి ఏదో అడగబోయి ఆగి, మళ్ళీ అడిగింది. "నానమ్మా, అప్పుడు నాన్నని వదిలేసి టైముకి వెళ్ళిపోయుంటే?"

"వెళ్ళేదాన్ని కాదు," అంది ఆవిడ. "ఇప్పుడైనా వెళ్ళను. తొమ్మిదని రాసేదాన్ని."

మర్నాటికి లెక్క మారింది. రాయి చందమామ కంటే ఆరు రెట్లు దూరంగా పోతుంది, తగిలే అవకాశం లేదు. లోకం ఊపిరి పీల్చుకుని మూడో రోజుకి మర్చిపోయింది. మర్చిపోయే ముందు మాత్రం మా అత్తయ్యని వదల్లేదు. ఒక పేపరు 'నానమ్మ అబద్ధం, ప్రపంచానికి వణుకు' అని వేసింది. కూరగాయల బండాయన నన్ను చూసి చూడనట్టు తూకం వేశాడు. మా ఆయన పనికి వెళ్ళిన ఒక ఆఫీసులో ఎవడో, జ్వరం తగ్గిందా బాబూ అన్నాడట. తనూ నవ్వేసి లిఫ్టు బాగుచేసి వచ్చానన్నాడు, కానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. అత్తయ్య పేపర్లన్నీ చదివింది. ఒకటి కూడా పారెయ్యనివ్వలేదు. మా అమ్మాయి మూడు వారాల్లో చదవగలిగినంత చదివి పరీక్షలు రాసింది. మార్కులు అంతంతమాత్రంగా వచ్చాయి. రాయి వల్ల అని చెప్పుకుంది కొన్నాళ్ళు.

అసలు పని తర్వాత మొదలైంది. అత్తయ్య తీసిన ఆరు వందల పదకొండు ప్లేట్ల మీదా 'సమయం సరిచూడాలి' అని చీటీ అంటించారు. సరిచూడాల్సింది నేను. రెండో రోజే ఆవిడ నాతో పాటు బస్టాపుకి వచ్చింది. "మీకు మెట్లు పడవు," అంటే, "దిగేటప్పుడే కదా, పొద్దున్న ఒకసారి," అంది. సాయంత్రం ఎక్కాలన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు. పది రోజులు పోయాక మా ఆయన సెలవు పెట్టి, వాళ్ళ కంపెనీది కాని ఆ లిఫ్టుని, ఎవరిని ఏం బతిమాలుకున్నాడో కానీ, బాగుచేసి వెళ్ళాడు. తల్లితో ఒక్క మాట చెప్పలేదు. ఆవిడా అడగలేదు. మర్నాడు ఇద్దరం మెట్ల దగ్గరికి నడుస్తుంటే లిఫ్టు తలుపు తెరుచుకుని ఉంది, ఆవిడ ఒక క్షణం ఆగి అందులోకి ఎక్కింది.

ఎండలు ముదిరి, తగ్గి, వానలు పడేదాకా ఆ గదిలో ఆవిడ అంకెలు చదివేది, నేను కొట్టేదాన్ని. ఆరు వందల పదిలో ఏ ఒక్కటీ నిమిషం దాటి తేడా రాలేదు. ఆఖరి చీటీ పీకేశాక ఆవిడ ఇంక రాదేమో అనుకున్నాను. డైరెక్టరు గారు వచ్చి, ఎలాగూ పద్ధతి కుదిరింది కాబట్టి మిగతావాళ్ళవీ చూసేద్దామన్నారు. అత్తయ్య మర్నాడూ బస్టాపుకి వచ్చింది.

అలా పెద్ద పరిశీలకుడు గారి బీరువా దాకా వచ్చాం. ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్ళు. మొదటి అరలో మూడో ప్లేటుకి కవరు మీద ఏడూ నలభై అని ఉంది. చందమామలు ఎనిమిదీ ఇరవై అయిదు అన్నాయి. నేను నమ్మలేక మళ్ళీ కొలిచాను. అదే వచ్చింది. అత్తయ్య నన్ను లేవమని తను కూర్చుని కొలిచింది. అదే వచ్చింది. ఆ వారంలో అలాంటివి ఆయనవే ఇంకో రెండు తేలాయి.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. ఏదైనా అంటుందేమో, అంటే వినాలనీ అనుకున్నాను.

"రాసుకో," అంది.

పాత సమయాలు, కొత్త సమయాలు రాశాను. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది. "ఇక్కడేం రాయమంటారు? ఆయన్ని అడగలేం కదా."

"ఖాళీగా ఉంచు." ఆవిడ అప్పటికే తర్వాతి కవరు విప్పుతోంది. "ఆయనింట్లోనూ ఎవరికో ఒంట్లో బాగుండి ఉండదు. నంబరు చదువు అమ్మాయ్."